కీళ్లవాతమా, కాదా? బీమా లేనివారు తేల్చుకునే దారి



నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇళ్ల అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లను చూసినవారికి ఆ పనంతా వేళ్ల మీదే నడుస్తుందని తెలుసు. నానబెట్టిన తునికాకును రేకు కొలతకు కత్తెరతో కోయాలి. చిటికెడు పొగాకు పరిచి ఆకును బిగువుగా చుట్టాలి. దారం కట్టాలి, మూతి మడవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. అలాంటి పని చేసుకునే ముప్పై అయిదేళ్ల ఇల్లాలికి ఒక పొద్దున కత్తెర పట్టు చిక్కలేదనుకుందాం. వేళ్లు బిగుసుకుపోయాయి. పిడికిలి ముడుచుకోవడం లేదు. వేణ్నీళ్లలో చేతులు పెట్టి, అటూ ఇటూ ఆడించి, పనిలో కూర్చునేసరికి పది గంటలయింది. మధ్యాహ్నానికి కాస్త తేలికపడింది. మర్నాడు పొద్దున మళ్లీ అదే వరస.

పని ఎక్కువై నరాలు పట్టేశాయని ఇంట్లోవాళ్లు అంటారు. వాతం చేసింది, చల్లటివి ముట్టుకోకు అని పక్కింటావిడ అంటుంది. ఈమధ్యే కాన్పు అయిన మనిషైతే బాలింత నొప్పులులే, అవే తగ్గుతాయి అంటారు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ ఇల్లాలు చెప్పిన నాలుగు మాటల్లోనే రోగనిర్ధారణ సగం ఉంది. పొద్దున్నే బిగుసుకుపోవడం, పెద్ద కీళ్లకంటే ముందు వేళ్ల కణుపులు పట్టుకోవడం, రెండు చేతులకూ ఒకేలా రావడం, కదిలించేకొద్దీ తేలికపడటం. మిగతా సగం తేలాలంటే ఎక్కడికి వెళ్లాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు? చేతిలో ఆరోగ్య బీమా లేని కుటుంబాల కోసమే ఈ ప్రసంగం.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను మనవాళ్లు కీళ్లవాతం అంటారు. వయసు మీదపడి మోకాలి గుజ్జు అరగడం వేరు, ఈ జబ్బు వేరు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాస్తుంది, దళసరెక్కుతుంది, పక్కనున్న ఎముకను కొరుకుతుంది. ఊపిరితిత్తులు, కళ్లు, రక్తనాళాల దాకా దీని ప్రభావం పాకవచ్చు. 2019 నాటికి ప్రపంచంలో కోటీ ఎనభై లక్షల మందికి ఈ జబ్బు ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు 70 శాతం ఆడవాళ్లే. మన దేశంలో హర్యానా గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన ఒక సర్వే వెయ్యిమంది పెద్దల్లో ఏడెనిమిది మందికి ఉన్నట్టు తేల్చింది. ఆ లెక్కన చూస్తే ఒక మోస్తరు పెద్ద ఊళ్లో పదుల సంఖ్యలో రోగులు ఉంటారు.

ఈ జబ్బులో కాలం చాలా విలువైనది. ఎముక ఒకసారి కొరుకుడు పడితే తిరిగి పూడదు. వంకరపోయిన వేలు మందులతో తిన్నగా కాదు. అందుకే కీలు వాచిన ఆరు వారాల లోపు నిపుణుడి చేతిలో పడాలని, మూడు నెలల లోపు మందు మొదలు కావాలని ఐరోపా కీళ్లవైద్యుల సంఘం సిఫార్సు చేసింది. మన దగ్గర ఆ మూడు నెలలూ సాధారణంగా ఆయింట్‌మెంట్లు, నొప్పి బిళ్లలతోనే గడిచిపోతాయి.

ఇక బీమా సంగతి. మా దగ్గర కార్డు ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా భరోసా ఇస్తుంది. అయితే ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం ఏర్పడినవి. కీళ్లవాతాన్ని తేల్చడానికి ఎవరినీ మంచం మీద పడుకోబెట్టక్కర్లేదు. ఓపీ చీటీ, డాక్టరు చూపు, నాలుగు రక్తపరీక్షలు, ఒక ఎక్స్‌రే, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాత్రలు. ఈ ఖర్చులో ఎక్కువ భాగం జేబులోంచే పోతుంది. అంటే ఈ జబ్బు దగ్గరికి వచ్చేసరికి కార్డు ఉన్నవారూ లేనివారూ దాదాపు ఒకే గట్టున ఉన్నట్టు లెక్క.

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం సొంత డబ్బు వాటా 2013-14లో 64 శాతం దాటి ఉండేది. 2021-22 నాటికి అది 39 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మంచి మార్పే. కానీ ఆ మిగిలిన వాటా బరువు ఎక్కువగా పడేది ఇలాంటి దీర్ఘకాలిక జబ్బుల వాళ్ల మీదే.

ఒక మినహాయింపు ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐ పరిధిలోకి వచ్చే ఉద్యోగులకు, వారి మీద ఆధారపడిన కుటుంబసభ్యులకు ఓపీ చూపించుకోవడం, పరీక్షలు, మందులు అన్నీ ఆ పథకంలోనే అందుతాయి. ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఈఎస్ఐ కార్డులో తల్లి పేరు ఉందో లేదో ఈరోజే చూసుకోవాలి. అర్హత ఉండి కూడా పేరు చేర్పించకుండా వదిలేసిన ఇళ్లు చాలా ఉంటాయి.

మరికొందరు ఇంకో ఆలోచన చేస్తారు. పరీక్ష చేయిస్తే జబ్బు కాగితం మీదికి ఎక్కుతుంది, ముందు ప్రైవేటు పాలసీ తీసుకుని తర్వాత చేయించుకుందాం అనుకుంటారు. ఇందులో రెండు నష్టాలున్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బుకు బీమా కంపెనీ మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చని నియంత్రణ సంస్థ నిబంధన. నొప్పి ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకుంటే రేపు క్లెయిము తిరస్కరించే హక్కు వాళ్లకుంటుంది. పైగా చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు. రాని డబ్బు కోసం కీళ్లను పణం పెట్టడం ఏ రకంగానూ లాభం కాదు.

డబ్బు నిజంగా ఎక్కడ వృథా అవుతోందో చూద్దాం. మొదట మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు. అవి వాపును కొంత తగ్గిస్తాయి కానీ జబ్బును ఆపవు. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూది. సూది పడగానే రెండు రోజుల్లో వేళ్లు హాయిగా ముడుచుకుంటాయి, ఆయన హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటుంది. చాలాసార్లు ఆ సూదిలో ఉండేది స్టెరాయిడ్. కొందరు పొట్లాలు కట్టి అమ్మే పేరులేని వాతం పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఉంటుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో కీళ్లవాతంతో మంచానపడిన ఒక మహిళకు మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఆయన సహచరులకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంబరం సద్దుమణగకముందే దుష్ఫలితాలు బయటపడ్డాయి. ముఖం ఉబ్బడం, చక్కెర వ్యాధి, ఎముకలు గుల్లబారడం, ఒంట్లో సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గడం. అందుకే డాక్టర్లు ఇప్పుడు స్టెరాయిడ్‌ను కొద్ది మోతాదులో, కొద్ది కాలానికి, అసలు మందు పని మొదలుపెట్టేదాకా వాడతారు. డాక్టరు చూడకముందే ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. వాపు తాత్కాలికంగా దిగిపోతుంది కాబట్టి నిపుణుడి ముందు కూర్చున్న రోజున చేతులు మామూలుగా కనిపిస్తాయి, జబ్బు దొరక్కుండా పోతుంది. ఏ సూదులు, ఏ పొడులు వాడారో డాక్టరుకు దాపరికం లేకుండా చెప్పాలి. ఖాళీ డబ్బా ఉంటే పట్టుకెళ్లాలి. పొడి అయినా మాత్ర అయినా చాలాకాలంగా వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మూడో వృథా, ల్యాబుల్లో ప్యాకేజీ పరీక్షలు. కీళ్లనొప్పుల ప్యాకేజీ పేరుతో యూరిక్ యాసిడ్, ఏఎస్‌ఓ, ఆర్ఏ ఫ్యాక్టర్ అన్నీ కలిపి చేసేస్తారు. యూరిక్ యాసిడ్ గౌట్ అనే వేరే జబ్బుకు సంబంధించినది. ఏఎస్‌ఓ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత పిల్లలకు వచ్చే రుమాటిక్ జ్వరానికి సంబంధించినది. నలభై ఏళ్ల మనిషి వేళ్ల వాపుకు దానితో చాలావరకు పని ఉండదు. ఎవరూ సలహా ఇవ్వకుండానే మోకాలికి ఎంఆర్‌ఐ తీయించుకుని వేలకు వేలు పోగొట్టుకున్నవారూ ఉంటారు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. కీళ్లవాతాన్ని గుర్తించడానికి అమెరికా, ఐరోపా కీళ్లవైద్యుల సంఘాలు 2010లో కలిసి ఒక మార్కుల పద్ధతి తయారుచేశాయి. ప్రపంచమంతటా వైద్యులు దాన్నే చూస్తారు. ముందు డాక్టరు కనీసం ఒక కీలు వాచిందని చేత్తో చూసి నిర్ధారించాలి. ఆ వాపుకు వేరే జబ్బు కారణం కాదని తేలాలి. ఆ తర్వాత మొత్తం 10 మార్కులు. ఎన్ని కీళ్లు, ఎలాంటి కీళ్లు అన్నదానికి అత్యధికంగా 5. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలకు 3. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ గానీ సీఆర్‌పీ గానీ పెరిగితే 1. ఆరు వారాలు దాటితే 1. పదికి 6 వస్తే కీళ్లవాతమే.

లెక్క గమనించండి. చిన్న కీళ్లతో కలిపి పదికి పైగా కీళ్లు పట్టుకుంటే 5, ఆరు వారాలు దాటితే 1. ల్యాబు గడప తొక్కకముందే ఆరు మార్కులు వచ్చేశాయి. అందరికీ అంత సులువుగా తేలదు. మూడు నాలుగు కీళ్లే వాచినవారికి రక్తపరీక్ష తోడు కావాలి. అయినా ఈ పద్ధతి చెప్పేది స్పష్టం. అన్నిటికంటే ఎక్కువ బరువు డాక్టరు చేతి పరీక్షదే. బీమా లేనివారు రూపాయి ఖర్చుపెట్టేముందు వరస సరిచూసుకోవాలి. ముందు డాక్టరు, తర్వాత ఆయన రాసిన పరీక్షలు మాత్రమే.

ఆ డాక్టరు ఏం చూస్తారు? కరచాలనం చేసినట్టు చెయ్యి పట్టుకుని పిడికిలి ఎముకలను అడ్డంగా మెల్లగా నొక్కుతారు. కీళ్లవాతం ఉన్నవారు అక్కడే చెయ్యి లాగేసుకుంటారు. వేళ్ల కణుపులను ఒక్కొక్కటిగా తడుముతారు. ఈ జబ్బులో వాపు మెత్తగా, వేలికి నొక్కుడు పడేలా ఉంటుంది. అరుగుదలలో అయితే గట్టిగా, ఎముకలా తగులుతుంది. గోరుకు దగ్గరగా ఉండే చివరి కణుపును కీళ్లవాతం సాధారణంగా ముట్టుకోదు. ఆ కణుపే లావెక్కితే అరుగుదల వైపు ఆలోచిస్తారు. పాదాల వేళ్ల మొదళ్లు కూడా నొక్కి చూస్తారు. ఇందుకు పట్టేది పది నిమిషాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఒక కాగితం మీద నాలుగైదు సంగతులు రాసుకోవాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది? పొద్దున లేచాక ఎంతసేపటికి వేళ్లు తెరుచుకుంటున్నాయి? అరగంట దాటితే ఆ మాట తప్పక చెప్పాలి. ఏయే కీళ్లు వాచాయి? ముందు జ్వరం వచ్చిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా? చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు ఉందా? పొగతాగేవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువ. వాపు బాగా ఉన్న పొద్దుటిపూట సెల్‌ఫోనుతో రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఉంచుకోవాలి. ఆసుపత్రిలో వరస వచ్చేసరికి మధ్యాహ్నమై వాపు తగ్గినా ఆ ఫొటో సాక్ష్యం చెబుతుంది.

జ్వరం సంగతి ఎందుకంటే, 2005 చివర్లో మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యాను మనవాళ్లు మరిచిపోలేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయినా కీళ్లనొప్పులు నెలల తరబడి పీడించాయి. ఆ నొప్పులు అచ్చం కీళ్లవాతంలా ఉంటాయి. చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. ఒకే ఒక కీలు వాచి తగ్గకపోతే క్షయ కూడా అనుమానించాలి. థైరాయిడ్ లోపం వల్లా ఒళ్లునొప్పులు వస్తాయి. వీటన్నిటినీ వేరుచేయడం డాక్టరు పని.

ఇక పరీక్షలు. పల్లెలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్నంలో బస్తీ దవాఖానా మొదటి మెట్టు. తెలంగాణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా అక్కడ తీసిన రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్షిస్తారు. రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్ ఇక్కడ చేస్తారా అని పేరుపెట్టి అడగాలి. ఏది ఉచితంగా దొరికితే అది అక్కడే చేయించుకుని, దొరకని ఒకటి రెండింటికే బయటికి వెళ్లాలి. ఆ బయటి పరీక్ష చాలావరకు యాంటీ సీసీపీ అవుతుంది. ప్రైవేటు ల్యాబులో దానికి వెయ్యి రూపాయల పైనే అడగవచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల ధర కనుక్కోవాలి. ఒకసారి చేయించాక నెల నెలా మళ్లీ చేయించే పనిలేదు.

ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వయసు పైబడిన ఆరోగ్యవంతుల్లో కొందరికి, హెపటైటిస్ సీ ఉన్నవారికి కూడా అది వస్తుంది. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టూ కాదు. రోగుల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి రక్తపరీక్ష నెగటివే ఉంటుంది. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే మాత్రం నమ్మకం బాగా పెరుగుతుంది. ఎక్స్‌రే తొలి నెలల్లో మామూలుగానే ఉండవచ్చు. ఎక్స్‌రే బాగుంది, నీకేమీ లేదు అన్న మాటతో ఊరుకోకూడదు.

అనుమానం బలపడితే నిపుణుడికి చూపించాలి. కీళ్లవాత నిపుణులు మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద నగరాల్లోనే ఎక్కువగా ఉన్నారు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. నిమ్స్ పూర్తిగా ఉచితం కాదు, అయితే కార్పొరేట్ ఆసుపత్రి ఖర్చుతో దానికి పోలిక లేదు. దూరం వెళ్లలేనివారు జిల్లా ఆసుపత్రిలోనో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకోవచ్చు. ఈ జబ్బుకు తొలి మందు మొదలుపెట్టగల వైద్యులు అక్కడ ఉంటారు. ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఉచితం. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచే పెద్ద డాక్టరుతో మాట్లాడే వీలుంది. ఎక్కడికి వెళ్లినా పాత చీటీలు, రిపోర్టులు, ఎక్స్‌రేలు తేదీల వరసలో ఒకే సంచిలో ఉండాలి. రిపోర్టు పోతే అదే పరీక్షకు మళ్లీ డబ్బు కట్టాలి.

జబ్బు అని తేలితే మందులు కొనలేమన్న భయంతోనే చాలామంది పరీక్షకు వెనకాడతారు. ఆ భయం చాలావరకు అక్కర్లేదు. లక్షలు ఖర్చయ్యే ఇంజెక్షన్లు ఉన్న మాట నిజం, కానీ ఎక్కువమందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఇది అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉంది. ఒక్కో మాత్ర ధర కొద్ది రూపాయలే. జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందుగా అడిగితే ఇంకా చవక.

ఈ మందు పుట్టుకలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆయన అమెరికా వెళ్లి, తర్వాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూ రోగులకు పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడి నుంచే వచ్చాయి. పిల్లల రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ వాడిన ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. 1988లో మెథోట్రెక్సేట్‌కు ఈ జబ్బు చికిత్సకు అమెరికాలో అధికారిక అనుమతి వచ్చింది. ఇప్పుడు ఇదే మందుతో పాటు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఆ భీమవరం మనిషి కృషి ఫలమే.

ఈ మందు విషయంలో ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. సోమవారమో బుధవారమో, ఆ రోజు పేరు చీటీ మీద తెలుగులో రాయించుకోవాలి. మొదలుపెట్టే ముందూ, వాడుతున్నప్పుడూ కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాల పరీక్షలు తప్పనిసరి. గర్భిణులు ఈ మందు వాడకూడదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. మద్యం మానాలి. మందు పని చూపడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే గుణం కనిపించలేదని ఆపేస్తే అంతవరకు పెట్టిన డబ్బూ, కాలమూ పోతాయి.

ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఒక విన్నపం. చక్కెర, రక్తపోటు అడిగేటప్పుడు, పొద్దున వేళ్లు ముడుచుకుంటున్నాయా అమ్మా అని కూడా అడగండి. ఇళ్లలో కొడుకులకు, కోడళ్లకు, భర్తలకు మరో విన్నపం. ఆడవాళ్లు తమ నొప్పిని చివర్లో చెబుతారు, ఖర్చు పేరు చెప్పి వాయిదా వేస్తారు. చేతులు వాచి ఆరు వారాలు కావస్తుంటే వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఈ వారంలోనే ఆధార్ కార్డు, పాత చీటీలు పట్టుకుని దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్లండి. సూది వేయించకముందే, పొడి కొనకముందే, ప్యాకేజీ కట్టకముందే ఒక డాక్టరు చేత ఆ చేతులు పట్టి చూపించండి.